ఫైనల్ దాకా వెన్నంటి

మనవాళ్లు పెద్ద టోర్నీలో ఒక్కో రౌండూ దాటుతుంటే, దూరాన ఉన్న మనకు పనిమీద మనసు నిలవదు. 2025 జూలైలో జార్జియాలోని బతూమిలో కోనేరు హంపి మహిళల చదరంగ ప్రపంచకప్ ఫైనల్‌కు చేరారు. సెమీఫైనల్లో చైనా క్రీడాకారిణి లీ టింగ్జీతో మామూలు ఆటలు రెండూ డ్రా అయ్యాయి. తక్కువ సమయంలో ఆడే టైబ్రేక్‌లో ఒక ఆట ఓడాక, తప్పక గెలవాల్సిన తర్వాతి ఆట గెలిచి మరీ ముందుకు వెళ్లారు. ఫైనల్లో మాత్రం 28న టైబ్రేక్‌లోనే మరో భారత క్రీడాకారిణి దివ్యా దేశ్‌ముఖ్‌ది పైచేయి అయింది.

చివరికి ఓడినప్పుడు ఇన్ని రోజులు ఎదురుచూసి ఏం లాభమని కొందరంటారు. కప్పు లెక్కకైతే ఆ మాట నిజమే. కానీ టైబ్రేక్‌లో గడియారం తరుముతుంటే ఒక్క ఎత్తు ఫలితాన్ని తారుమారు చేస్తుంది. మూడు వారాలు నిలిపిన ఏకాగ్రతను అది చెరపలేదు. రెండో స్థానమే హంపికి ప్రపంచ టైటిల్ పోరుకు దారితీసే క్యాండిడేట్స్ టోర్నీ అర్హత తెచ్చింది. మీ స్నేహితులు ఎక్కడైనా పోటీలో ఉంటే, ఓడిన రోజునా ఫోన్ చేయండి.