మూడడుగుల నేల

దీపావళి మరునాడు బలి పాడ్యమి. వామనుడు బలి చక్రవర్తిని అడిగింది మూడడుగుల నేల. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు మనం మూడో అడుగు దగ్గర, బలి తల వంచిన చోట ఎక్కువసేపు ఆగుతాం. ఈసారి కాస్త ముందే, ఆ కోరిక దగ్గరే ఆగుదాం. ఒక మనిషి పడుకోవడానికి కొంచెం చోటు అడిగితే దాన్ని భిక్ష అనుకోవాలా, మనం తీర్చవలసిన బాధ్యత అనుకోవాలా?

2024 జనవరిలో జరిపిన ఒక్క రాత్రి లెక్కలో, అమెరికాలో ఇల్లు లేనివారు 7,71,480 మంది అని తేలింది. షెల్టర్లలో ఉన్నవారూ, వీధుల్లో ఉన్నవారూ కలిపి ఈ సంఖ్య. లాస్ ఏంజెలెస్ స్కిడ్ రోలోనో, శాన్‌ఫ్రాన్సిస్కో టెండర్‌లాయిన్‌లోనో గుడారాలను చూసిన మన బంధువులు "అమెరికా అంటే ఇదేనా?" అని నివ్వెరపోతారు. "పెద్ద ఊళ్ళు పాడైపోయాయండీ, చిన్న ఊళ్ళే నయం" అన్నమాట మన విందు భోజనాల దగ్గర తరచు వినపడుతుంది. ఇందులో నిజమెంత?

ఊరు చితికిపోవడం వేరు, మనుషులకు ఇల్లు లేకపోవడం వేరు. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల పైచిలుకు. కార్ల పరిశ్రమ దెబ్బతిని, జనం వలసపోయి, 2010 నాటికి అది 7 లక్షల చిల్లరకు పడిపోయింది. 2013లో నగర ప్రభుత్వం దివాలా పిటిషను పెట్టింది. అయినా జనాభాతో పోల్చి చూస్తే, సిరిసంపదలున్న సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కోల కంటే అక్కడ నిరాశ్రయులు బాగా తక్కువ. కారణం అద్దెలు. గ్రెగ్ కోల్‌బర్న్, క్లేటన్ ఆల్డర్న్ 2022లో ప్రచురించిన పుస్తకంలో దీన్నే వివరించారు. జబ్బు, వ్యసనం, ఉద్యోగం పోవడం వంటివి ఎవరు వీధిన పడతారో నిర్ణయిస్తాయి. ఎంతమంది పడతారన్నది మాత్రం ఆ ఊళ్ళో అద్దెలను బట్టీ, ఖాళీగా ఉన్న ఇళ్ళను బట్టీ ఉంటుంది.

మరి చిన్న ఊళ్ళ సంగతి? ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ జనాభా నలభై వేల లోపు. అక్కడ పార్కులో దుప్పటి పరుచుకుని పడుకున్నవారికి 295 డాలర్ల జరిమానా వేశారు. ఆ వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఇటువంటి జరిమానాలు రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్షల కిందికి రావని 2024 జూన్‌లో 6–3 మెజారిటీతో తీర్పు వచ్చింది. పైగా చిన్న ఊళ్ళలో ఇల్లు పోయినవారు చాలామంది చుట్టాల సోఫాల మీద సర్దుకుంటారు. అలాంటివారు ఆ జనవరి లెక్కలోకి రారు. కాబట్టి చిన్న ఊళ్ళో కష్టం లేదని అనలేం, అది మన కంటపడడం తక్కువ.

చిన్న ఊరి దయను తక్కువ చేయనక్కరలేదు. "ఫలానావారి అబ్బాయి" అని తెలిస్తే చాలు, అరుగు మీద చాప, విస్తట్లో అన్నం సిద్ధం. కోనసీమలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టి చరితార్థురాలయ్యారు. అయితే అందరూ సీతమ్మగార్లు కారు. మన ఊళ్ళకు ఊరి బయట వాడలు కూడా ఉండేవి. కొన్ని సత్రాల తలుపులు కొన్ని కులాలవారికే తెరుచుకునేవి. ఎరిగినవారి మీద దయ చూపడం తేలిక. తిథి చెప్పకుండా వచ్చేవాడే అతిథి అని పెద్దలు ఆ మాటకు అర్థం చెప్పారు. పేరూ గోత్రమూ తెలియనివారే ఎక్కువగా ఉండే మహానగరంలో ఆ అర్థానికి అసలైన పరీక్ష.

పార్కులు పిల్లల కోసం కదా, రాత్రిపూట ఆ దారిన నడవాలంటే భయం కదా అని అడిగేవారున్నారు. ఆ భయం నిజమైనదే. కానీ వేరే చోటు చూపకుండా లేచిపొమ్మంటే ఆ మనిషి పక్క వీధికి వెళ్తాడు, అంతే. న్యూయార్కులో 1979లో వేసిన ఒక దావా ఫలితంగా, 1981లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇల్లులేని పురుషులకు షెల్టరు ఇవ్వడం నగరం బాధ్యత అయింది. తర్వాత అది స్త్రీలకూ, కుటుంబాలకూ వర్తించింది. ఆ వసతుల్లో లోపాలున్నా, చోటు చూపడం నగరం విధి అని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

పండగనాడు అన్నదానం చేయడం పుణ్యమే. అన్నం ఒక పూటకు, చోటు ప్రతి రాత్రికీ కావాలి. రేపు మన సబ్‌డివిజన్ దగ్గర ఒక షెల్టరో, తక్కువ అద్దె అపార్ట్‌మెంట్లో కడతామని సిటీవారు పబ్లిక్ హియరింగ్ పెడితే మనం వెళ్ళి ఏమంటాం? "మా ఇళ్ళ ధరలు పడిపోతాయి" అంటామా?

దానం వద్దు, నష్టపోతావని శుక్రాచార్యులు కూడా బలికి చెప్పాడు. ఆయన లెక్క తప్పు కాదు, బలి నిజంగానే సర్వం పోగొట్టుకున్నాడు. మనల్ని ఎవరూ సర్వస్వం అడగడం లేదు. అయినా ఆ హియరింగ్ రోజున మనం ఎవరి పక్షాన మాట్లాడతామో ఈ పండగ రోజుల్లోనే ఇంట్లో అందరం కూర్చుని ఆలోచించుకుంటే మంచిది.