పెట్టెలో బియ్యం

రాయదుర్గంలో, మెట్రో చివరి స్టేషన్ పక్కన గాజు మేడల్లో ఒక రిలీజ్ మేనేజరు పనిచేసేవాడు. కొత్త వెర్షన్ ఏ రోజు బయటికి వెళ్ళాలి, వెళ్ళాక ఏదన్నా తేడా కొడితే ఎంతసేపట్లో వెనక్కి తీసుకోవాలి అన్నది తేల్చడం అతని ఉద్యోగం. రెండు రోజుల పనికి నాలుగు రోజులు అడిగేవాడు. శుక్రవారం మధ్యాహ్నం దాటాక ఎవర్నీ ఏ మార్పూ చేయనిచ్చేవాడు కాదు. పండగకి ముందు వారం అసలే కాదు. కుర్రాళ్ళు వెనకాల నవ్వుకున్నా, అర్ధరాత్రి ఫోన్లు రాని టీమ్ ఆ ఫ్లోర్ మొత్తమ్మీద అతనిదొక్కటే.

ఆ మనిషికి ఒక ఏడాది జపాన్ చూడాలని బుద్ధి పుట్టింది. తనూ, భార్యా, ఏడేళ్ళ కొడుకూ, తెనాలి నుంచి అమ్మా. సెలవుకి ముందూ వెనకా శనాదివారాలు అతికించి, విమానాల్లో పోయేది పోగా, చేతిలో తొమ్మిది రోజులు మిగిలాయి. స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. టోక్యో, హకోనే, కనజావా, తకయామా, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా. ఒక్కో ఊరికి ఒక్కో రంగు, ఒక్కో గడికి పదిహేను నిమిషాలు. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో కూడా రాశాడు. క్యాంటీన్లో నలుగురికి చూపిస్తే, సాయంత్రానికల్లా ముగ్గురు కాపీ అడిగారు.

భార్య మైండ్‌స్పేస్‌లో టెస్టరు. ఇంకొకళ్ళు రాసినదాన్ని విరగ్గొట్టి చూసినందుకే ఆమెకి జీతం. రాత్రి అన్నాలయ్యాక షీటు మొత్తం చదివి, "బాగుంది. దీన్ని ఎక్కడ టెస్ట్ చేశావు?" అంది.

"ట్రిప్‌ని టెస్ట్ చేయడమేంటి?"

"మరి నేరుగా ప్రొడక్షన్‌కి వెళ్ళిపోతున్నామా?"

ఆ మాట అతనికి గుచ్చుకుంది. సరే, ఎలా చేస్తావో చెయ్యమన్నాడు. ఆమె షీటులో ఐదో రోజు తీసుకుంది. పొద్దున ఒక ఊరు ఖాళీ చేసి, పెట్టెలతో రైలెక్కి, మారి, మూడు చోట్లు చూసి, రాత్రికి ఇంకో హోటల్లో దిగాల్సిన రోజది. దానికి సరిగ్గా హైదరాబాదులో ఒక శనివారాన్ని అమర్చింది. ఉదయం తొమ్మిదికి కొండాపూర్ ఇల్లు ఖాళీ చేయాలి. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి గంట, చార్మినార్‌కి ముప్పావు గంట, భోజనానికి అరగంట, గోల్కొండకి రెండు గంటలు. ఆరున్నరకి మెహదీపట్నంలో పిన్నిగారింట్లో చెకిన్. ఆ రాత్రికి పిన్నిగారిల్లే హోటలు.

రెండు పెట్టెలు తీసి, ఒక్కోదాన్లో ఎనిమిది కిలోల సోనామసూరి పోసింది. ఖాళీ పెట్టెలతో చేస్తే అది టెస్టింగ్ కాదంది.

మెట్రో స్టేషన్లో స్కానర్ దగ్గర కూర్చున్న సెక్యూరిటీ ఆవిడ తెర మీదికి వంగి చూసింది. "ఏంది మేడమ్, గిన్ని బియ్యం?" అంది. "జపాన్ పోతున్నామమ్మా" అన్నాడు మేనేజరు దిగులుగా. ఆవిడ అతని ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా పొమ్మంది.

రైలు నిమిషం తేడా లేకుండా వచ్చింది. అమీర్‌పేటలో మారేటప్పుడు లిఫ్టు వెతుక్కోవాల్సి వచ్చింది, అమ్మ ఎస్కలేటర్ ఎక్కదు. మ్యూజియంలో పెట్టెలు క్లోక్‌రూంలో పెట్టి టోకెన్ తీసుకునేసరికి పదకొండు కావస్తోంది. పిల్లాడు తిన్నగా గడియారం దగ్గరికి వెళ్ళాడు. హైదరాబాదులో పెరిగిన వాళ్ళెవరికీ ఆ గడియారం గురించి చెప్పనక్కర్లేదు. గంట గంటకీ లోపల్నుంచి ఒక బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతాడు. పదకొండు కొట్టాడు. పిల్లాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "పన్నెండప్పుడు పన్నెండు కొడతాడా?" అన్నాడు. కొడతాడన్నారు. ఇక వాణ్ణి అక్కడ్నుంచి లేపడం ఎవరి తరమూ కాలేదు. నానమ్మ కూడా వాడి పక్కనే బెంచీ మీద చేరి, "పిల్లాడు ముచ్చట పడుతుంటే తొందరేంటిరా" అంది. షీటులో గంట అన్నది రెండు గంటలైంది.

చార్మినార్ దగ్గర అమ్మకి శాకాహారం వెతకడానికే ముప్పావు గంట. భోజనం కింద రాసుకున్న అరగంటలో వెతుకులాట లేదు. చార్మినార్‌ని కిందనుంచే చూశారు. గోల్కొండ చేరేసరికి నాలుగున్నర దాటింది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినపడుతుందని గైడు ఎవరికో చెబుతుంటే పిల్లాడు అరిచేతులు ఎర్రబడేదాకా కొట్టాడు. అది విని చెప్పడానికి పైన తమవాళ్ళెవరూ లేరు. అమ్మ రాతి మెట్ల వంక చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, కూర్చుండిపోయింది.

"ఏరా, ఆ దేశంలో కూడా ఇట్టాగే పరిగెత్తాలా? అట్టాగైతే మీరు ముగ్గురూ వెళ్ళి రండి. నేను తెనాల్లో ఉంటాను."

పిన్నిగారింటికి చేరేసరికి ఎనిమిదింబావు. ఆవిడ పెట్టెలో బియ్యం చూసి, మా ఇంట్లో లేవనుకున్నారా అని నొచ్చుకుంది. ఆవిడకి సర్దిచెప్పడానికి ఇంకో అరగంట పట్టింది.

రాత్రి డాబా మీద మేనేజరు తన షీటుని వెనకేసుకొచ్చాడు. "ఇది హైదరాబాద్. ఇక్కడి ట్రాఫిక్ వేరు. జపాన్‌లో రైలు క్షణం ఆలస్యమవదు."

"ఇవాళ మెట్రో ఆలస్యమైందా?"

"లేదు."

"మరి దేనికి లేటయ్యాం? గడియారం దగ్గర వీడు, మెట్ల దగ్గర అత్తయ్య, క్లోక్‌రూంలో పెట్టెలు. ఈ మూడూ మనతో పాటు జపాన్‌కి వస్తాయి."

అతను కాసేపు ఏమీ అనలేదు. ఆమె ఇంకొకటి అడిగింది. "ఆఫీసులో రెండు రోజుల పనికి నాలుగెందుకు అడుగుతావు?"

"ఏదో ఒకటి తగులుతుంది కాబట్టి."

"ఇంట్లో వాళ్ళతో ఏమీ తగలదనుకున్నావా?"

మర్నాడు పిన్నిగారింట్లో పెసరట్టు తింటూ అతను షీటులోంచి ఊళ్ళు తీసేయడం మొదలుపెట్టాడు. ఎనిమిది పేర్లలో మూడు మిగిలాయి: టోక్యో, క్యోటో, హిరోషిమా. క్యాంటీన్లో కాపీ తీసుకున్న ముగ్గురికీ ఈ సంగతి చెప్పాడో లేదో కథలో లేదు.

నీతి

దేశం చూసే ప్రణాళికలో మొదట రాయాల్సింది ఊళ్ళ పేర్లు కాదు, వెళ్ళే మనుషుల పేర్లు.

తక్కువ చూడమని ఈ కథ చెబుతోందని కొందరు అనుకోవచ్చు. నా ఉద్దేశం అది కాదు. వీపున ఒక సంచీ తగిలించుకుని వెళ్ళే పాతికేళ్ళ కుర్రాడు తొమ్మిది రోజుల్లో ఎనిమిది ఊళ్ళు చూసి సంతోషంగా తిరిగి రాగలడు. షీటు తప్పు కాదు. అది ఎవరికోసమో రాసిన షీటు, ఇంకెవరి చేతిలోనో పడింది. సైబరాబాద్‌లో ఈ పొరపాటు మరీ ఎక్కువ. ఇక్కడ అందరికీ షీటు రాయడం వచ్చు, ఒకరి షీటు ఇంకొకరికి పంపడం ఇంకా బాగా వచ్చు. ఏ పని ఎంతసేపు పడుతుందో అంచనా వేసే విద్యతో బతికే ఊరిది. ఆ విద్యని సెలవు చీటీతో పాటు ఆఫీసులోనే వదిలేసి వెళ్ళడమే నాకు వింతగా ఉంటుంది.

లక్షలు పోసి వెళ్తున్నాం, మళ్ళీ ఎప్పుడు వెళ్తాం, అన్నీ చూసేయాలి కదా అంటారు. ఈ వాదంలో బలం ఉంది, కాదనను. కానీ ఊరు మారిన ప్రతిసారీ సుమారు సగం రోజు ఖర్చవుతుంది: సర్దడం, గది ఖాళీ చేయడం, స్టేషను, రైలు, మళ్ళీ స్టేషను, కొత్త గది ఇచ్చేదాకా ఎదురుచూడటం. ఎనిమిది ఊళ్ళకి ఏడు మార్పులు, అంటే తొమ్మిదిలో మూడున్నర రోజులు పెట్టెలకే పోతాయి. డబ్బు పోసి కొన్న రోజులే అవీ. ఊరు మారకుండా కూడా ఇంకో ఊరు చూడొచ్చన్నది చాలామందికి తట్టదు. క్యోటోలో గది ఉంచుకుంటే ఒసాకా వేగపు లోకల్ రైల్లో అరగంట, నారా ముప్పావు గంట. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు, పెట్టె కదలదు.

పరుగుకి ఇంకో కారణం రైలు పాస్. జపాన్ రైల్ పాస్ ఏడు రోజులకి ఒకప్పుడు 29,650 యెన్‌లు. పాస్ కొన్నాం కాబట్టి గిట్టుబాటు చేసుకోవాలని జనం రోజుకో ఊరు తిరిగేవాళ్ళు. 2023 అక్టోబర్ నుంచి అది 50,000 అయింది. టోక్యో నుంచి క్యోటోకి, అక్కణ్ణుంచి హిరోషిమాకి, తిరిగి ఒసాకాకి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్లు విడివిడిగా కొన్నా మొత్తం 40 వేల యెన్‌లు దాటదు. పాస్ లేనిదే జపాన్ తిరగలేమన్న పాత సలహా ఇంకా చేతులు మారుతూనే ఉంది, దాన్ని నమ్మి పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. టోక్యోలో దిగి ఒసాకా దగ్గరున్న కన్సాయ్ విమానాశ్రయం నుంచి వెనక్కి వచ్చేలా టికెట్ తీసుకుంటే, మొదటి ఊరికి మళ్ళీ వెళ్ళే రోజు కూడా మిగులుతుంది.

మన ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణం ఇలాంటి లెక్కలతో చదివితే కొత్తగా కనిపిస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో బయల్దేరారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూసి, పూరీ మీదుగా తూర్పు తీరం పట్టుకుని 1831 సెప్టెంబర్ 3న ఇంటికి చేరారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో గుళ్ళ వర్ణనలు ఉన్నాయి గానీ, నన్ను ఎక్కువ ఆకట్టుకునేవి మజిలీల వివరాలు. ఈ ఊళ్ళో నీళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, అంగళ్ళలో సరుకు దొరుకుతుందా, దారి ఎలాంటిది. తన వెంట వచ్చే మనుషులు ఎక్కడ ఆగాలో, ఏం తినాలో ఆయన రోజూ ఆలోచించుకోవాల్సిందే. వాళ్ళు నడవకపోతే ప్రయాణం నడవదు.

పెట్టెలో బియ్యం పోసిన కోడలు చూసింది కూడా అదే, అయితే మన కాలానికి తగ్గట్టు. జపాన్‌లో చాలా పులుసులకి చేపతో కాచిన దాషి ఆధారం. కూరగాయలే కనిపించినా శాకాహారికి పనికిరాకపోవచ్చు. తెనాలి అమ్మ భోజనానికి వెతుకులాట సమయం వేరే గడిలో రాయాలి. టోక్యో–క్యోటో–హిరోషిమా షింకన్‌సెన్‌లో మూడు వైపుల కొలత కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే, దానికి వెనకాల చోటున్న సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. లేదా సామాను చేరవేసే తక్యూబిన్ వాళ్ళకి ఇస్తే సాధారణంగా మర్నాటికి తర్వాతి హోటల్‌కి చేరుస్తారు. అమ్మ చెయ్యి పట్టుకోవడానికి ఒక చెయ్యి ఖాళీ అవుతుంది.

ఎప్పుడు వెళ్ళాలన్నదీ మనుషుల్ని బట్టే. మన బళ్ళకి వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో దగ్గర దగ్గరగా సెలవులు వస్తాయి, గోల్డెన్ వీక్. దేశం మొత్తం రైళ్ళలోనే ఉంటుంది. పిల్లాడి బడి చూసుకునే ఇల్లయితే మే రెండో వారానికి జరపడం మేలు.

ఇక వీసా దరఖాస్తులో రోజువారీ కార్యక్రమం రాయమంటారు. ఏ తేదీన ఏ ఊరు, ఏ హోటల్. ఎనిమిది ఊళ్ళ షీటు చాలామంది అక్కడే రాస్తారు, కాగితం నిండుగా ఉండాలని. మూడు ఊళ్ళు రాసినా కాగితం చెల్లుతుంది. టికెట్ల సంగతికొస్తే, షింకన్‌సెన్ సీట్లు ప్రయాణానికి సరిగ్గా నెల ముందు జపాన్‌లో పొద్దున పది గంటలకి అమ్మకానికి పెడతారు. మనకప్పుడు ఆరున్నర. పెద్ద పెట్టెలకి చోటున్న సీట్లు బోగీకి కొన్నే కాబట్టి, ఆ ఒక్క పొద్దునకి అలారం పెట్టుకోవాలి.