చాలినంత చదువు, సమానమైన చదువు

రాజ్యం తన పిల్లలందరికీ చాలినంత చదువు చెప్పిస్తే దాని ధర్మం నెరవేరినట్లేనా, లేక సమానమైన చదువే చెప్పించాలా అన్న వాదానికి అమెరికా సుప్రీంకోర్టు 1973లో శాన్ ఆంటోనియో కేసులో ఇచ్చిన తీర్పును మించిన ఉదాహరణ దొరకడం కష్టం. టెక్సాస్‌లో ప్రభుత్వ పాఠశాలలను స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే పన్ను వేసే అధికారం గల స్థానిక సంస్థలు, నడుపుతాయి; వాటి రాబడిలో పెద్ద భాగం ఆస్తి పన్ను నుంచే వచ్చేది కనుక ఇళ్లకూ స్థలాలకూ ధర లేని పేటలో బడికీ డబ్బు ఉండేది కాదు.

ఆ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు ప్రధానంగా మెక్సికన్ అమెరికన్ శ్రామికులదైతే, ఆలమో హైట్స్ సంపన్నులది. 1967–68లో ఎడ్జ్‌వుడ్ వారు 100 డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టగా ఆలమో హైట్స్ వారు 85 సెంట్లే కట్టారు. అయినా రాష్ట్ర విద్యా నిధి పథకానికి ఇవ్వవలసిన వాటా పోగా ఒక్కొక్క విద్యార్థికి ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 333 డాలర్లు మిగిలాయి. రాష్ట్ర, ఫెడరల్ నిధులు కలిసిన తరువాత కూడా ఆ మొత్తాలు 356, 594 డాలర్లుగానే నిలిచాయి. ఎడ్జ్‌వుడ్ ఉపాధ్యాయులలో దాదాపు సగం మంది పూర్తి అర్హత లేక అత్యవసర అనుమతుల మీద పాఠాలు చెబుతున్నవారే.

నలుగురు న్యాయమూర్తులు విభేదించినా అయిదుగురి పక్షాన న్యాయమూర్తి పావెల్ రాసిన తీర్పు ఈ ఏర్పాటును సమర్థించింది. రాజ్యాంగం విద్యను ప్రాథమిక హక్కుగా పేర్కొనలేదనీ, పేద పిల్లలకు చదువు పూర్తిగా నిరాకరించబడలేదనీ, స్థానిక నియంత్రణ కాపాడుకోదగినదనీ ఆయన వాదించారు. మూడవ వాదం పై అంకెల ముందు నిలవదు, ఎందుకంటే ఎక్కువ పన్ను కట్టినవారికే తక్కువ దక్కినప్పుడు తమ బడికి ఎంత ఖర్చు చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ వారికి ఉన్నదనడం అన్యాయం. భిన్నాభిప్రాయం రాసిన థర్‌గుడ్ మార్షల్ ఎత్తిచూపినదీ ఇదే.

చదువు పూర్తిగా నిరాకరించకపోతే చాలునన్న రెండవ వాదం మరింత లోతైనది. ప్రతివారికీ చాలినంత ఉండడమే ముఖ్యం గాని సమానంగా ఉండడం కాదని తత్త్వవేత్త హారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1987లో ప్రతిపాదించిన మతాన్ని పర్యాప్తివాదం అనవచ్చు. తిండి విషయంలో అది సరిపోవచ్చు, ఎందుకంటే పొరుగువాడు విందు చేసుకున్నంత మాత్రాన కడుపు నిండినవాడికి ఆకలి వేయదు. చదువు అలాంటిది కాదు. కళాశాల సీట్లూ ఉద్యోగాలూ పరిమితమైన చోట ఒకరి చదువు విలువ ఇతరులు ఎంత చదివారన్న దాని మీద ఆధారపడుతుంది, కాబట్టి పక్క పేట బడిని చూడకుండా ‘చాలినంత’ ఎంతో తేల్చడం సాధ్యం కాదు.

భారతదేశంలో పావెల్ మొదటి వాదానికి తావు లేదు, ఎందుకంటే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల లోపు పిల్లల చదువును ప్రాథమిక హక్కుగా గుర్తించగా, 2002లో 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చింది. అయితే అది ఉచిత నిర్బంధ విద్యకు ఇచ్చిన హామీ, సమాన వ్యయానికి కాదు. టెక్సాస్ సుప్రీంకోర్టు మాత్రం 1989లో తమ రాష్ట్ర రాజ్యాంగాన్ని అనుసరించి, ఒకే స్థాయిలో పన్ను కట్టే డిస్ట్రిక్టులకు విద్యార్థికి ఇంచుమించు ఒకే రాబడి అందాలని ఏకగ్రీవంగా చెప్పింది. అది గొప్ప ముందడుగే అయినా డిస్ట్రిక్టులను సమానం చేసిందే గాని పిల్లలను కాదు. ఇంట్లో స్పానిష్ మాత్రమే వినే బిడ్డకు ఇంగ్లీషు బడిలో తోటివారితో సమానంగా నిలవడానికి వారికన్నా ఎక్కువ ఖర్చే అవసరమవుతుంది.