విచారణ అనే మాట

చిరంజీవి బాబుకు,

డబ్లిన్ నుంచి పెదనాన్న దీవించి రాసేది. వచ్చే నెల నీకు గురుపట్టాభిషేకం. ఆ తరువాత నేనూ నిన్ను 'ఫాదర్ గారూ' అనే పిలవాలి. 'ఒరే' అని చెప్పవలసినవి ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మొన్న మేనూత్ వెళ్ళాను. 1795లో స్థాపించిన సెమినరీ అది. కార్క్ ప్రాంతంలో 1815లో పుట్టిన డేనియల్ మర్ఫీ గారు అక్కడ చదివి గురువై, మన హైదరాబాదుకు పీఠాధిపతిగా వచ్చారు. ఆపైన ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు వెళ్ళి, 1907లో అక్కడే కన్నుమూశారు. పట్టం పొందినవాడికి పంపిన చోటే సొంత ఊరు.

అంతకు ముందు కాలంలో ఇక్కడ ఐర్లండ్‌లో గురువుగా బతకడమే ప్రాణగండం. ఆర్మా పీఠాధిపతి ఆలివర్ ప్లంకెట్ గారిని 1681లో లండన్‌లో ఉరితీశారు. ఆయన శిరస్సు నేటికీ డ్రొహెడా దేవాలయంలో ఉంది. కథోలికులపై కఠిన చట్టాలున్న ఆ రోజుల్లో కొండల నడుమ బండరాయే బలిపీఠం. గురువు జనం కోసం ప్రాణానికి తెగించాడు, జనం ఆయనను కడుపులో పెట్టుకుని కాచారు.

రానురాను ఆ గౌరవమే అడ్డుగోడ అయింది. గురువును ప్రశ్నించడమే పాపమనుకున్నారు. ఆ గోడ చాటున ఎందరో పసిపిల్లలు నలిగిపోయారు. పిల్లల ఏడుపుకన్నా సంఘం పరువే ఎక్కువైందని 2009లో వెలువడిన విచారణ నివేదికలు తేల్చాయి. ఒకప్పుడు వందల మంది గురువిద్యార్థులున్న మేనూత్‌లో ఇప్పుడు కొద్దిమందే.

బాబూ, మన తెలుగు కథోలికులం పారిష్‌ను 'విచారణ' అంటాం, దాని గురువును 'విచారణకర్త' అంటాం. విచారించడమంటే బాగోగులు కనుక్కోవడం. ఆ విచారణ మరిచినందుకే ఇక్కడ ఇంకో రకం విచారణ వచ్చిపడింది.

పట్టాభిషేకంలో నువ్వు బలిపీఠం ముందు బోర్లా పడుకుంటావు, సంఘమంతా పునీతులను వేడుకుంటుంది. మేత్రాణుల వారు మౌనంగా నీ తలపై చేతులుంచుతారు, అరచేతులకు పరిశుద్ధ తైలం పూస్తారు. ఆ పట్టం వేసే ముద్ర ఎన్నటికీ చెరగదని శ్రీసభ బోధ. అంతకుముందే నువ్వు డీకన్‌వి, అంటే సేవకుడివి. ఆ ముద్ర కూడా చెరగదని మరవకు.

పట్టం నాడు ఊళ్ళో ఫ్లెక్సీలు, డప్పులు, దండలు ఉంటాయి. అది జనం ప్రేమ, కాదనకు. మర్నాడు పొద్దున్నే మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్ళు. ఏ బిడ్డయినా తన గోడు చెప్పుకుంటే, అందులో తోటి గురువు పేరు వచ్చినా సరే, ఆ బిడ్డ పక్షాన నిలబడు. పోలీసులకు చెప్పడానికి వెనకాడకు. జనం నీ చేతులు ముద్దుపెట్టుకుంటారు. ఆ చేతులు వాళ్ళవేనని గుర్తుంచుకో.

ఇట్లు,
నీ మొదటి దీవెన కోసం ఎదురుచూసే
పెదనాన్న