అందము ఎవరి సొత్తు?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 23:24, 25, సంఖ్యాకాండము 10:29–32



ఈ నెల మన ధ్యానమునకు ఒక దూరదేశపు సంగతిని తీసికొనుచున్నాము. ఐరోపా ఖండమునకు ఉత్తరపు కొనయందు నార్వే, స్వీడన్, ఫిన్లాండు అను దేశములు కలవు. ధనము గల యాత్రికులు అక్కడికి పోయి, తమకొరకే ఒక గైడును, ఒక బండిని, ఒక పడవను కుదుర్చుకొని, ఇతరులతో కలియక, అక్కడి సముద్రపు పాయలను, అడవులను, సరస్సులను చూచి వచ్చుచుందురు. ప్రయాణములు ఏర్పాటు చేయు వర్తకులు దీనిని గూర్చి గొప్పగా ప్రకటనలు చేయుదురు. మన పల్లెలలో చదువుకొని ఆ దేశములలో ఉద్యోగములు చేయుచున్న పిల్లలు కొందరు ఆ పటములను ఇంటికి పంపుచుందురు గనుక, ఇది మనకు బొత్తిగా తెలియని సంగతి కాదు. ఇందులో మనలను ఆలోచింపజేయు ప్రశ్న ఒకటి యున్నది. దేవుడు చేసిన కొండను, నీటిని చూచుటకు డబ్బు ఇచ్చినవాడు నిజముగా ఏమి కొనుచున్నాడు? డబ్బు లేనివానికి అందులో పాలు లేదా?

మొదట ఆ స్థలముల సంగతి చెప్పవలెను. పూర్వము ఆ దేశములంతట మంచు మహా మందముగా పేరుకొని యుండెను. ఆ మంచు వేలకొలది సంవత్సరములు మెల్లగా జారుచు, నాగటి కర్రు నేలను దున్నినట్లు రాతికొండలను దున్నివేసెను. మంచు కరగిన తరువాత ఆ లోయలలోనికి సముద్రపు నీరు వచ్చి నిలిచెను. వీటినే ఫియోర్డులు అందురు. నార్వేలోని సోగ్నె ఫియోర్డు 200 కిలోమీటర్లకు పైగా భూమిలోనికి చొచ్చుకొని పోయినది; దాని లోతు 1,300 మీటర్ల వరకు కలదు. నేరోయ్ ఫియోర్డు ఒకచోట 250 మీటర్ల వెడల్పు మాత్రమే యుండి, ఇరుప్రక్కల కొండలు గోడలవలె లేచియుండును. దీనిని, గైరాంగర్ ఫియోర్డును 2005లో ప్రపంచ వారసత్వ స్థలములుగా ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో ప్రకటించెను. ఫిన్లాండు నేలలో నాలుగింట మూడు వంతులు అడవియే. చిన్నవి పెద్దవి కలిపి లెక్కించిన అక్కడ సరస్సులు 1,88,000 వరకు కలవు. స్వీడన్ దేశములోని వేనెర్న్ సరస్సు 5,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించియున్నది.

ఇంత అందమునకు యజమాని ఎవరు? అక్కడి అడవులలో చాలవరకు రైతులవి, కుటుంబములవి. కొన్ని ప్రభుత్వమువి, కొన్ని కంపెనీలవి. పత్రములు, సరిహద్దులు మనకున్నట్లే వారికిని కలవు. అయినను ఆ దేశములలో పురాతనమైన ఒక ఆచారము నిలిచియున్నది. పంట లేని అడవులలోను, కొండలమీదను, నీటి ఒడ్డునను ఏ మనుష్యుడైనను నడువవచ్చును, సరస్సులో ఈదవచ్చును, అడవి పండ్లను కోసికొని తినవచ్చును, రాత్రికి గుడారము వేసికొనవచ్చును. భూమి మరియొకనిదైనను అతని సెలవు అడుగనక్కరలేదు, అతనికి రుసుము ఇయ్యనక్కరలేదు. ఊరివాడైనను పరదేశియైనను ఈ హక్కు ఒక్కటే. నార్వే దీనిని 1957లో చట్టముగా వ్రాసెను. స్వీడన్ 1994లో తన రాజ్యాంగములో దీనికి చోటిచ్చెను.

అయితే ఈ హక్కునకు గట్లు వేయబడి యున్నవి. నార్వేలో పంట భూమిలోనికి ఎవరును ఇష్టము వచ్చినట్లు పోరాదు. నేల గడ్డకట్టిన శీతకాలములో మాత్రమే దానిమీద నడువవచ్చును. గుడారము వేయువాడు కాపురమున్న ఇంటికి 150 మీటర్ల దూరము విడువవలెను. ఒకేచోట రెండు రాత్రులకు మించి ఉండగోరినవాడు సాధారణముగా యజమాని అనుమతి పొందవలెను. ఎండకాలములో అడవిలో నిప్పు రాజవేయరాదు. నార్వే ఉత్తర భాగమున క్లౌడ్‌బెర్రీ అను పసుపుపచ్చని పండు మిక్కిలి విలువైనది. ఆ పండు కాయు నేలగల యజమాని ఇతరులు దానిని కోసికొని పోకుండ ఆపవచ్చును. కాని దారిని పోవువాడు అక్కడికక్కడ నోటిలో వేసికొనునది మాత్రము అతడు ఆపలేడు.

మన బైబిలు చదువరులకు ఈ చివరి మాట వినగానే మోషే ధర్మశాస్త్రము జ్ఞాపకము రావలెను. పొరుగువాని ద్రాక్షతోటలోనికి వెళ్లినవాడు కడుపునిండ తినుటకు సెలవున్నది. పాత్రలో వేసికొని పోవుటకు సెలవు లేదు. చేలోనికి వెళ్లినవాడు వెన్నులను చేతితో త్రుంచుకొనవచ్చును. కొడవలి పెట్టుటకు అధికారము లేదు. మన ప్రభువు శిష్యులు విశ్రాంతి దినమున వెన్నులు త్రుంచి తినినప్పుడు, పరిసయ్యులు విశ్రాంతి దినమును గూర్చియే తప్పుపట్టిరి గాని, దొంగతనము చేసిరని ఒక్కడును అనలేదు. ఆకలిగొని దారిని పోవువానికి పొలములో పాలు కలదని ఆ కాలమందు అందరికిని తెలిసియుండెను. పంట కోయునప్పుడు పొలము మూలలను విడిచిపెట్టవలెనని, పరిగె ఏరుకొనరాదని లేవీయకాండము 19వ అధ్యాయములో ఉన్న ఆజ్ఞయు ఇట్టిదే. రూతు బ్రదికినది ఆ పరిగెవలననే గదా.

చేతికిని కొడవలికిని నడుమ దేవుడు గీచిన ఈ గీత మన ప్రశ్నకు వెలుగిచ్చుచున్నది. చేయి ఒక మనుష్యుని అవసరమునకు కొలత. కొడవలి, గంప, బండి ఆశకు సాధనములు. యజమాని కష్టమును దేవుడు త్రోసివేయలేదు. ఆ తోట వానిదే, ఆ పంట వానిదే. కాని ఆ యాజమాన్యము పొరుగువాని ఆకలిని మూసివేయునంత పెద్దది కాదు. భూమి అంతయు యెహోవాది గనుక మనము దానియందు అతిథులమని లేవీయకాండము 25వ అధ్యాయము బోధించుచున్నది. అతిథి మరియొక అతిథిని గెంటివేయుట ఇంటివానికి అవమానము.

ఇప్పుడు డబ్బిచ్చి గైడును కుదుర్చుకొనిన యాత్రికుని యొద్దకు వత్తము. అతడు చేయునది పాపమా? అట్లు చెప్పుట న్యాయము కాదు. ఇశ్రాయేలీయులు అరణ్యములో బయలుదేరునప్పుడు మోషే హోబాబును బతిమాలెను. ఆ అరణ్యము హోబాబునకు తెలిసినది గనుక, ఎక్కడ దిగవలెనో చూపి తమకు కన్నులుగా ఉండవలెనని కోరెను. దేవుడు తమకు చేయు మేలులో అతనికిని పాలిచ్చెదమని మాట ఇచ్చెను. దారి తెలిసినవాని తెలివికి ప్రతిఫలమిచ్చుట ధర్మమే. నార్వే గైడు గాలి మారుటను కనిపెట్టును, జారు రాతిని ఎరుగును, పొగమంచులో పడవ నడుపును. అతని కూలి అతనికి ఇయ్యవలసినదే. యాత్రికుడు కొనినది గైడు దినములను, పడవ నూనెను, భోజనమును, పడకను. ఫియోర్డును అతడు కొనలేదు. అతని పడవ ప్రక్కనే, డబ్బు లేని విద్యార్థి ఒడ్డున కూర్చుండి అదే జలపాతమును చూచును. అతనిని లెమ్మని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు.

అపాయము మరియొకచోట నున్నది. డబ్బిచ్చినవాని మనస్సులో, నేను కొంటిని గనుక ఇది నాది, ఇతరులు ఇక్కడ ఉండరాదు అను తలంపు మెల్లగా చేరును. అహాబు రాజునకు పొలములు తక్కువయా? నాబోతు ద్రాక్షతోట తన నగరు ప్రక్కనే యుండుట అతని మనస్సును పట్టుకొనెను. తగిన క్రయమిచ్చెదనని మర్యాదగానే మొదలుపెట్టెను. కడపట రక్తములో ముగిసెను. ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనుచు తామే దేశములో ఒంటరిగా నివసింప జూచువారికి యెషయా శ్రమ ప్రకటించెను. ఏకాంతము కోరుట తప్పు కాదు. మన ప్రభువును ఏకాంతముగా కొండకు పోయెను. కాని ఇతరులను తొలగించి సంపాదించు ఏకాంతము వేరు.

డబ్బు ఇయ్యనివానికిని అపాయము కలదు. ఉచితమైన దానిని మనుష్యుడు తేలికగా చూచును. వేలమంది వచ్చి ఒక్కొక్కడు కొంచెము చెత్త విడిచిన, ఒక్కొక్కడు కొంచెము నాచు త్రొక్కిన, ఆ స్థలము చెడును. పెద్ద ఓడలు గైరాంగర్ ఫియోర్డులోనికి వచ్చి పొగ విడిచినప్పుడు, ఇరుప్రక్కల కొండలుండుటచేత ఆ పొగ లోయలోనే నిలిచియుండెను. కావున వారసత్వ ఫియోర్డులలో ఓడలు పొగ లేకుండ నడువవలెనని నార్వే శాసనసభ 2018లో తీర్మానించెను. ఆ నియమము చిన్న ఓడలకు 2026 ఆరంభము నుండి, మిక్కిలి పెద్ద ఓడలకు 2032 నుండి అని ఏర్పడెను.

అన్నిటికంటె బరువైన సంగతి ఇంకొకటి కలదు. స్వీడన్, ఫిన్లాండు అడవులలో ఎండకాలమందు బ్లూబెర్రీలు, లింగన్‌బెర్రీలు విస్తారముగా కాయును. వర్తకమునకు వాటిని ఏరుటకు థాయిలాండు నుండి పేద రైతులు ఏటేట వేలకొలదిగా వెళ్లుచు వచ్చిరి. అనేకులు ప్రయాణపు ఖర్చులకు అప్పు చేసి పోయిరి. పండ్లు తక్కువగా కాచిన యేట అప్పు తీరకయే తిరిగి వచ్చినవారు కలరు. అందరును అడవిలో పండ్లు ఏరుకొనవచ్చునను హక్కు ఉన్నది గనుక, ఫిన్లాండులో వీరిని చాలకాలము కూలివారిగా లెక్కింపలేదు, స్వతంత్రముగా ఏరుకొనువారనిరి. కావున కూలివానికి రావలసిన కాపుదల వీరికి రాలేదు. 2021లో వీరి కొరకు ప్రత్యేక చట్టము చేయబడెను. తరువాతి సంవత్సరములలో, మనుష్యులను మోసగించి పని చేయించిరను నేరారోపణలతో కొందరు వర్తకులు న్యాయస్థానముల ముందు నిలువవలసి వచ్చెను.

చూడుడి, బీదవానికి చేతితో త్రుంచుకొనుటకు ఇచ్చిన హక్కును ధనవంతుడు తన కొడవలిగా మార్చుకొనెను. వంగినది బీదవాని నడుము, నిండినది మరియొకని గంప. చట్టము మంచిదైనను, దానిని పట్టుకొను చేయి ఎవరిదో చూడవలెను. యాత్రికుని బల్లమీద ఉదయము పెట్టబడు బ్లూబెర్రీ పచ్చడి ఎవరు ఏరిరో అడుగుట మర్యాద తక్కువ కాదు.

మంచి గైడును కూడ ఇందువలననే గుర్తింపవచ్చును. గైరాంగర్ ఫియోర్డులో నీటికి చాల ఎత్తున, కొండ అంచున, స్కాగెఫ్లో అను పాత పొలము కలదు. పన్ను వసూలు చేయువాడు వచ్చినప్పుడు అక్కడివారు నిచ్చెన పైకి లాగుకొనెడివారని గైడులు నవ్వుచు చెప్పుదురు. నవ్వుటతో ఆగక, అంత ఇరుకు నేలమీద మేకలతో, గడ్డితో కుటుంబములు ఎట్లు బ్రదికెనో, ఏల విడిచిపోయెనో చెప్పువాడు మంచి గైడు. 1934 ఏప్రిల్‌లో అదే ప్రాంతపు టాఫ్యోర్డులో కొండచరియ విరిగి నీటిలో పడగా, లేచిన అల 40 మందిని పొట్టనబెట్టుకొనెను. అందమైన కొండ క్రింద భయపడుచు నివసించువారు ఉన్నారని యాత్రికునికి తెలియవలెను. చూపువాడు నిజము చూపవలెను. చూచువాడు మనుష్యులను కూడ చూడవలెను.

సహోదరులారా, ఈ ధ్యానము మన గుమ్మము దాటి పోరాదు. దారిని నడువనియ్యకపోవుట, బావి నీరు తోడనియ్యకపోవుట ఎట్టి బాధయో మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు అనుభవించి యెరుగుదురు. నేలమీద నడుచుట దేవుని ప్రతి బిడ్డకు చెల్లునని ఆ ఉత్తర దేశములు చట్టములో వ్రాసికొనినవని వినగా మనకు సంతోషము కలుగుట సహజమే. ఆ సంతోషము మనలను పరీక్షింపవలెను. మనకు ఇప్పుడు దేవుడు ఎకరమో రెండెకరములో ఇచ్చియుండిన, మన గట్టుమీద నుండి పోవు పొరుగువానిని ఏమనుచున్నాము? మన మామిడిచెట్టు క్రింద రాలిన కాయను ఏరుకొను పిల్లవానిని కసరుచున్నామా? మన చేలో వేరుసెనగ తీసిన తరువాత పరిగెకు వచ్చు విధవరాలికి నేలలో కొంత మిగిల్చుచున్నామా? చెరువు అందరిదని చెప్పుచు మన చెత్తను అందులోనే వేయుచున్నామా? కూలికి వచ్చినవానికి కూలి ఆ దినమే ఇచ్చుచున్నామా?

ఈ నెల కూటములలో ద్వితీయోపదేశకాండము 23, 24 అధ్యాయములను కుటుంబముగా చదువుడి. మీ పొలములో చేతికి విడువవలసినది ఏది, కొడవలికి అప్పగింపదగినది ఏది అని భార్యాభర్తలు కూర్చుండి మాటలాడుకొనుడి. మనము ఆ ఫియోర్డులను ఎన్నడును చూడకపోవచ్చును. వాటిని చేసిన దేవుడే మన వాగును, మన గుట్టను, మన తాటితోపును చేసెను; వాటిని చూచుటకు ఆయన మనయొద్ద ఏమియు పుచ్చుకొనలేదు. ఉచితముగా పొందినవారము గనుక ఉచితముగా పంచుకొను మనస్సును ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.