మడమ ఎవరిది?

2008 ఆగస్టు 18. బీజింగ్ ఒలింపిక్స్, 110 మీటర్ల హర్డిల్స్ తొలి రౌండు. ఎవరిదో ఫాల్స్ స్టార్ట్. ఆ నాలుగడుగులకే లియు షియాంగ్ ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. ఒంటికి అంటించిన నంబరు పీకేసి లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత ప్రెస్ మీట్‌లో కోచ్ సున్ హైపింగ్ అందరి ముందూ భోరున ఏడ్చాడు. జాలిపడ్డవాళ్ళు చాలామందే. కానీ నాటకమాడాడనీ, పారిపోయాడనీ ఇంటర్నెట్‌లో తిట్టినవాళ్ళకీ కొదవలేదు.

గాయం మడమ వెనక, అకిలీస్ టెండన్‌కి. నొప్పి అతనిది. మరి అతను పరిగెత్తకపోతే వీళ్ళకి ఏం బాకీపడ్డట్టు?

చైనాని ‘తూర్పు ఆసియా రోగి’ అని వెక్కిరించిన రోజులున్నాయి. ఆ అవమానం అక్కడి వ్యాయామం ముచ్చట్లన్నిటి వెనకా ఉంటుంది. 1917లో ‘న్యూ యూత్’ పత్రికకి 23 ఏళ్ళ మావో మారుపేరుతో రాసిన వ్యాసం కూడా శరీర వ్యాయామం గురించే. అలా మగాడి కండ సొంత ఆస్తి కాకుండా పోయింది, దేశం ఖాతాలో జమైంది. 2004లో ఏథెన్స్‌లో లియు 12.91 సెకన్లతో ప్రపంచ రికార్డు సమం చేసి గోల్డ్ కొట్టినప్పుడు పాత లెక్క తేలిందనుకున్నారు. నాలుగేళ్ళకి సొంత గడ్డ మీద కుంటితే ఊరుకుంటారా?

తమాషా ఏంటంటే, చైనా సంప్రదాయం మగతనాన్ని ఇంత ఇరుగ్గా చూసింది కాదు. ‘వెన్’, ‘వు’ అని రెండు దారులు: ఒకటి అక్షరం, ఒకటి ఆయుధం. పెద్దపీట ఎక్కువగా అక్షరానిదే. పద్దెనిమిదో శతాబ్దపు నవల ‘ఎర్ర మేడ కల’లో జియా బావ్‌యు ఆడపిల్లల మధ్య పెరిగి, చీటికీమాటికీ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. వాళ్ళ నాన్న చితకబాదాడు గానీ, పాఠకులు గుండెల్లో పెట్టుకున్నారు.

2021 జనవరిలో, మగపిల్లలు ఆడంగుల్లా తయారవుతున్నారన్న ఒక ప్రతిపాదనకి జవాబుగా విద్యాశాఖ, వ్యాయామ విద్య పెంచుతాం, రిటైరైన క్రీడాకారుల్ని టీచర్లుగా తెస్తాం అంది. సెప్టెంబరులో ప్రసారాల శాఖ, అలాంటి మగవాళ్ళు టీవీలో కనిపించకూడదంది. ఈ రెంటి మధ్య, ఆగస్టు 1న, టోక్యోలో సు బింగ్‌తియన్ వంద మీటర్లు 9.83లో పరిగెత్తాడు. అప్పట్లో యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్ కూడా అతను. స్ప్రింట్ మీద పేపర్ రాశాడు. వెన్, వు రెండూ ఒకే ఒంట్లో!

కాలం మారిందిగా అనొచ్చు. 2015లో కజాన్‌లో వంద మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ ఛాంపియనైన ఈతగాడు నింగ్ జెతావ్‌ని అందం కోసమే ఆరాధించినవాళ్ళు కోకొల్లలు. నిజమే, చూపు మారింది. కానీ నాకది విడుదలలా కనిపించదు. ఖాతా దేశం నుంచి బ్రాండ్లకి ట్రాన్స్‌ఫర్ అయిందంతే. అదైనా పూర్తిగా కాలేదు: 2017లో జాతీయ జట్టు అతన్ని తీసేసింది, సొంత ప్రకటనల గొడవ అందులో ఒకటి.

నాకు మార్పులా కనిపించేది 2012 లండన్. లియు తొలి హర్డిల్‌కే తగిలి పడ్డాడు. లేచి, ఒంటికాలి మీద గెంతుకుంటూ చివరిదాకా వెళ్ళి, ఆఖరి హర్డిల్‌ని ముద్దు పెట్టుకున్నాడు. దాచుకోలేదు నొప్పిని.

విద్యాశాఖ పిలుస్తానన్న టీచర్లు ఇలాంటివాళ్ళే కదా. రేపు క్లాసులో ఒక కుర్రాడు మడమ నొప్పని కూర్చుండిపోతే, లేవరా, మగాడివి కాదూ అంటారా? పక్కనే కూర్చుని సాక్సు విప్పి చూస్తారా?