బోను వెలుపలి బాధ్యత

నేరము చేసినవానిని చెరలో నుంచునప్పుడైనను న్యాయస్థానము వాని మాట వినును. వాని పక్షమున వాదించువా రుందురు, శిక్షకొక గడువుండును. జంతుప్రదర్శనశాలలోని పులి యే నేరము చేసినది? దాని పక్షమున పలుకువా రెవరు? దాని నిర్బంధమునకు గడువేది? పిల్లల చేయి పట్టుకొని, టిక్కెట్టు తీసికొని లోనికి పోవు మనము ఈ ప్రశ్నను ఒక్కసారియైనను వేసికొనవలెను.

హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో ప్రారంభమైనది. అటుపిమ్మట దాదాపు మూడు దశాబ్దముల వరకు మన దేశమున జూలను నడుపుటకు ప్రత్యేకమైన కేంద్ర శాసనము లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేసిన సవరణచే జూలకొక అధ్యాయము చేరినది; 1992లో సెంట్రల్ జూ అథారిటీ ఏర్పడినది. ఆ సంస్థ గుర్తింపు లేక ఏ జూయు నడుపరాదు. ఆవరణ ఆ ప్రాణి స్వభావమునకు తగినదేనా, ఆహారము, నీరు, వైద్యము సక్రమముగా నందుచున్నవా యని పరిశీలించుట గుర్తింపులోని ముఖ్యాంశము. మూగజీవి చెప్పుకొనలేని మాటను శాసనము దాని పక్షమున చెప్పుచున్నదన్నమాట.

ఈ నియమములలో ఒకటి మిక్కిలి ఆలోచింపదగినది. వారమునకు ఒక దినమైనను జూను సందర్శకులకు మూసియుంచవలెను. హైదరాబాదులో సోమవారము వెళ్లి నిరాశతో మరలినవారు దీనికి విసుగుకొని యుందురు. కాని దీని యర్థమేమి? మన చూపు కూడ ఆ ప్రాణులకొక భారమే. రాయి విసరకున్నను, కేక వేయకున్నను, మన గుంపే వానికి శ్రమ.

మరొక నియమము మన పుణ్యభావననే ప్రశ్నించును. జంతువులను ఆటపట్టించుట, గాయపరచుట, శబ్దములతో కలవరపెట్టుట మాత్రమే కాదు, వానికి ఆహారము పెట్టుట కూడ ఆ చట్టము నిషేధించినది. కోతికి పల్లీలు వేసినవాడు దానము చేసితినని తలంచును. అది దాసోహము కాదు. పుచ్చుకొనువాని యవసరము నెరిగి, ఇచ్చితినను గర్వము విడిచి సమర్పించినదే దాసోహము. ప్రాణికి రోగము తెచ్చి, మనకు వినోదమిచ్చునది దానమెట్లగును?

శాసనమున్నది గదా, మనకేల యని కొందరందురు. గుర్తింపు పత్రము ఆవరణ కొలతను చెప్పగలదు. చూడవచ్చినవాని హృదయమును కొలువలేదు. అది క్రూరత్వమునకు హద్దు గీయును; దయ ఆ హద్దుకు ఆవల మొదలగును. దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించినది మనుష్యులను గూర్చి మాత్రమే కాదు, సకల ప్రాణులను గూర్చి.

అట్లని జూలన్నియు మూయవలెనని నా వాదము కాదు. అడవులు తరిగిపోవుచున్న కాలమున, నశించుచున్న జాతులను నిలుపుటకును, గాయపడిన ప్రాణులను సాకుటకును అవి యుపయోగపడవచ్చును. నిర్బంధమునకు అదియొక్కటే సమర్థన. కేవలము మన కాలక్షేపమునకై మూసిన బోనును ఏ పత్రమును పవిత్రము చేయజాలదు. కావున ఈసారి నిద్రించుచున్న పులిని లేపుమని బిడ్డ మారాము చేసినచో, తల్లిదండ్రులు మెల్లగా చెప్పవలసిన మాట యిది: "పడుకోనీ నాయనా, ఇది దాని యిల్లు, మనము అతిథులము."